ఆవం చల్లారక ముందే

తప్పులుంటే మన్నించాలి. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. ఏది పొట్టిగా పలకాలో, ఏది సాగదీయాలో రాసేటప్పుడు ఇప్పటికీ తడబడతాను. గీత కూడా వణుకుతుంది. దానికి కారణం ముసలితనం ఒక్కటే కాదు.

ఇది 1981 ఎండాకాలం సంగతి. అరవ లెక్కలో చిత్తిర నెలలో మొదలై ఆడి నెల కృత్తిక పండగతో ముగిసింది. అన్ని రోజులు ఒకే భయంతో బతకడం అంతకు ముందు నాకు తెలియదు, ఆ తరువాతా తెలియదు.

మాది తిరువళ్ళూరు దగ్గర పాండూరు. కుమ్మరి ఇల్లు. నా భర్త రత్నస్వామి పోయి అప్పటికి నాలుగేళ్ళు. నేనూ, తొమ్మిదేళ్ళ నా కూతురు మునిలక్ష్మీ ఆయన అన్న గోవిందస్వామి బావ ఇంట్లోనే ఉన్నాం. సారె తిప్పేది బావ. మా ఇళ్ళలో ఆడది సారె ముట్టదు. మట్టి తొక్కడం, జల్లించడం, కుండ అడుగు తట్టడం, బుట్టలో పెట్టుకుని అమ్మడం మా పని. మొగుడు పోయినదాన్ని గనక కుండలు కాల్చే ఆవం అంటించేటప్పుడు నేను ఎదురుగా ఉండకూడదు కూడా. కుండలు పేర్చి, గడ్డి కప్పి, పైన తడిమట్టి మెత్తి, కర్పూరం వెలిగించి బావ నిప్పు పెట్టేవాడు. ఆ తరువాత రెండు రోజులు దాని జోలికి ఎవరూ పోరు. బూడిద చల్లారిందని ఇంటి పెద్ద చేత్తో తాకి చూసుకున్నాకే మట్టికప్పు తీస్తారు. ఎర్రగా ఉన్న ఆవం తెరిస్తే అది ఆ ఇంట్లో ఒకరిని తీసుకుంటుందని మావాళ్ళ నమ్మకం.

నాకది విన్నమాట కాదు. రత్నస్వామి పోయిన ఏడు, వానలు పడే అయిప్పసి నెలలో, పెళ్ళికుండల ఆవం మీదికి వాన కమ్ముకొచ్చింది. ఇంట్లో మగవాళ్ళు లేరు. నేనే పరుగెత్తాను. పడమటి వైపు మట్టికప్పు ఊడి ఉంది. చినుకులకు ఊడిందనుకున్నాను. లోపల కుండలు ఎర్రగా, ఊపిరి పీలుస్తున్నట్టు ఉన్నాయి. తడిస్తే అన్నీ పోతాయన్న కంగారులో కర్రతో ఒక కుండను బయటికి లాగాను. గాలి తగలగానే ఫట్‌మని పగిలింది. కప్పు మళ్ళీ మెత్తేసి, పెంకులు గోనెసంచిలో కట్టి దూలం మీద దాచాను. నెల తిరక్కుండా ఆయనకు పచ్చకామెర్లు వచ్చాయి. ఇరవై రోజుల్లో పోయాడు. పదకొండో రోజు నలుగురూ కూర్చున్నప్పుడు బావ అన్నాడు:

"ఎవురో ఆవం తెరిచినారు. అది నా తమ్ముణ్ణి ఎత్తుకోని పాయ."

అందరూ తలలు వంచుకున్నారు. నేనూ వంచుకున్నాను.

చిత్తిర నెలలో ఒక పొద్దున, కత్తిరించిన జుట్టుతో, గోళ్ళ సందుల్లో మట్టితో ఒక ఆమె బస్సు దిగి మా వాకిట్లోకి వచ్చింది. నలభై అయిదు ఏళ్ళుంటాయి.

"అయ్యా, నాకు పగిలిన కుండలు కావాల," అంది.

బావ సారె ఆపాడు. "మంచివి అడిగేవాళ్ళను చూసినాను. పగిలినవి అడిగేవాళ్ళను ఇప్పుడే చూస్తాండా. దేనికమ్మా?"

"దంచి మట్టిలో కలిపేదానికి. సారె లేకుండా చేత్తో గిన్నెలు చేసేవాళ్ళు కూడా ఒకరు కావాల."

"సారె లేకుండా చేసేది పిల్లోళ్ళు. మా మునిలక్ష్మిని తోడుకోని పో."

బావ భార్య మునియమ్మక్క చేటలోంచి తలెత్తి నన్ను చూపించింది. "తాయమ్మను తోడుకోని పోండమ్మా. పొద్దుగూకులూ దంచమన్నా దంచతాది. నోరు మాత్రం తెరవదు."

ఆమె పేరు చంద్రావతి. తిరుత్తణి దగ్గర భూములున్న తెలుగువాళ్ళ అమ్మాయి. మద్రాసులో బొమ్మల కాలేజీలో చదివి, పెళ్ళి చేసుకోకుండా, అరక్కోణం రోడ్డులో వాళ్ళ నాయన మామిడితోటలో షెడ్డు వేసుకుని మట్టిపని చేసేది. ఆమె గిన్నెలను మద్రాసులో గాజుపెట్టెల్లో పెట్టి చూస్తారట. పేపర్లలో ఆమె ఫోటో వచ్చిందని షెడ్డు గోడకు అంటించి ఉండేది.

మరునాడు తొలి బస్సుకే బయలుదేరాను. ఎవరూ చూడకుండా దూలం మీది గోనెసంచి దించి, మిగతా పెంకులతో కలిపేశాను. నాలుగేళ్ళుగా ఆ సంచి కింద పడుకోలేక చస్తున్నాను. రోట్లో వేసి మెత్తగా దంచాను. పొడైపోతే ఆ సంగతీ పొడైపోతుందనుకున్నాను. చంద్రావతమ్మ ఆ పొడిని మట్టిలో కలిపింది. ఆ మట్టితోనే నేను నలభై గిన్నెలు చేశాను.

ఆ పని నాకు తెలియకుండానే వచ్చేసింది. ఉండను ఎడమ అరచేతిలో పెట్టుకుని కుడి బొటనవేలితో తెరవడమే. "వేలిగుర్తులు తుడపొద్దు, అవే దీనికి అందం," అనేది ఆమె. ఆమె మాత్రం చెయ్యడం తగ్గించేసింది. చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుని నాకు చెప్పేది. ఒకసారి టీగ్లాసు ఎత్తుతూ సగం చీర మీద పోసుకుంది. "శానా వేడిగా ఉండాది," అంది. ఆ టీ చల్లారి ఎంతోసేపయింది.

మరుసటి నెల, వైకాశిలో మొదటి పొయ్యి. గిన్నెలను ముందు ఒకసారి మామూలుగా కాల్చి, చల్లార్చి, తెల్లటి గాజుపూత పూసి, నడుమెత్తు ఇటుకల పొయ్యిలో ఏడు పేర్చాం. ఆమె సరుగుడు కట్టెలు అంటించబోతుంటే నేను లేచాను.

"నేను అవతల ఉంటానమ్మా."

"దేనికి?"

"మొగుడు పోయినదాన్ని."

"నాకు మొగుడే లేడు. ఇద్దరం అవతలికి పోతే కట్టెలు ఎవురు తోస్తారు?"

నవ్వొచ్చింది. కూర్చున్నాను. పొద్దు వాలేదాకా కట్టెలు తోశాను. అప్పుడు ఆమె పొయ్యి కంతలోంచి చూసి, పొడుగాటి పట్టకారు చేతిలోకి తీసుకుంది.

"తీద్దాం."

"రేపు కదమ్మా?"

"ఇప్పుడే. దీని పేరు రాకు. జపానోళ్ళ పద్ధతి. పూత కరిగి మెరిసేటప్పుడే, ఎర్రగా ఉండంగానే తియ్యాల. తీసి శెనక్కాయ పొట్టు పోసిన డ్రమ్ములో పెట్టి మూసెయ్యాల. నువ్వు డ్రమ్ము మూత పట్టుకో."

నేను మూత పట్టుకోలేదు. మామిడిచెట్ల వెనక్కి పరుగెత్తాను. చెట్టు సందులోంచి చూశాను. పై ఇటుకలు పక్కకు జరిగాయి. లోపలినుంచి అదే ఎరుపు, నాలుగేళ్ళ కిందట వానలో నేను చూసిన ఎరుపు. గిన్నె బయటికొచ్చింది, పొట్టు భగ్గుమంది, ఆమె ఒంటిచేత్తోనే మూత వేసింది. పొగ తోటంతా కమ్ముకుంది. ఏడింటిలో ఒకటి పట్టకారులోంచి జారి పడింది. "ఈ పట్టకారు సరిగా ల్యా," అని తనలో తానే అనుకుంది.

చల్లారాక గిన్నెలు కడిగి నా ముందు పెట్టింది. తెల్లటి పూత మీద వెంట్రుకలంత సన్నటి నల్ల గీతలు, ఒళ్ళంతా. ఇంకా తడి ఆరని గిన్నెలు టింగ్, టింగ్ అని చిన్నగా మోగుతున్నాయి. "పూత విరుగుతాండాది. విను," అంది సంతోషంగా.

విన్నాను. ఆ పగిలిన కుండ వీటన్నిటిలోనూ ఉంది. దంచి పోగొట్టాననుకున్నాను, కానీ నలభై గిన్నెలకు పంచిపెట్టాను. అది మళ్ళీ ఎర్రగా కళ్ళు తెరిచింది. ఈసారి ఎవరిని అడుగుతుందో నాకు తెలుసు. నాకున్నది ఒక్కతే.

నాలుగో రోజు మునిలక్ష్మికి జ్వరం వచ్చింది.

మొదటిరోజు ఎండదెబ్బ అన్నారు. మూడో రోజుకు పిల్ల కళ్ళు తెరవలేదు. మునియమ్మక్క తడిగుడ్డ వేస్తూ నా కొంగు వాసన చూసింది.

"ఏందిమే ఇది, ఒకటే పొగ కంపు. ఆడ ఆవం పెడతారా?"

"చిన్న పొయ్యక్కా."

"చల్లారినాకనే తెరస్తారా?"

వాకిట్లో సారె చప్పుడు ఆగింది. బావ అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది.

"చల్లారినాకనే," అన్నాను.

సారె మళ్ళీ తిరిగింది.

తిరువళ్ళూరు ఆస్పత్రికి ఎత్తుకుపోయాం. డాక్టరు కడుపు నొక్కి చూసి టైఫాయిడ్ అన్నాడు. "బయప్పడాదేమ్మా," అని అరవంలో ధైర్యం చెప్పాడు. నా భర్త మంచం పక్కన కూడా ఒక డాక్టరు అచ్చం అదే మాట అన్నాడు.

తోటకు పోవడం మానేశాను. పిల్ల పక్కనే కూర్చుని గంటకోసారి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేదాన్ని. తగ్గితే దాని తలనీలాలు ఇస్తానని తిరుత్తణి కొండ మీది స్వామికి మొక్కుకున్నాను. మళ్ళీ ఆ పొయ్యి జోలికి పోనని కూడా అదే నోటితో అన్నాను. మూడు వారాలకు జ్వరం దిగింది. ఆడి నెల మొదట్లో మళ్ళీ ఎక్కింది. మళ్ళీ మాత్రలు. పిల్ల జడ నా పిడికిట్లో పట్టేంత సన్నబడింది.

రెండోసారి జ్వరం కాస్త దిగిన రోజు, చెప్పకుండా మానేయడం మర్యాద కాదని తిరుత్తణి బస్సెక్కాను. చెప్పేసి ఎదురు బస్సుకే తిరిగి రావాలని.

నేను పోయేసరికి పొయ్యి మండుతోంది. చంద్రావతమ్మ ఒక్కతే ఉంది. ముఖం పీక్కుపోయి ఉంది.

"నేను మానేస్తాండానమ్మా. బిడ్డకు జొరం."

"బిడ్డకు జొరమైతే ఇక్కడేం చేస్తాండావు? పో."

"చెప్పి పోదామని."

"చెప్తివి కదా. పో తాయమ్మా. పదైదు దినాల్లో మద్రాసులో చూపించాల. ఈ పొయ్యి దించేస్తే నా పని అయిపాయ."

వెనక్కి తిరిగాను. గేటు దాకా పోలేదు, పట్టకారు ఇటుకలకు తగిలిన చప్పుడైంది. అది ఒకసారి తగిలిన చప్పుడు కాదు. పళ్ళు కొరుకుతున్నట్టు టకటకమని ఆగకుండా. తిరిగి చూశాను. ఎర్రటి గిన్నె పట్టకారు కొసన ఊగుతోంది. ఆమె రెండు చేతులూ, మోచేతుల దాకా, వణుకుతున్నాయి. గిన్నె జారి పొట్టు మూటమీద పడింది. మూట అంటుకుంది. ఆమె చీర కుచ్చిళ్ళు దానికి జానెడు దూరంలో ఉన్నాయి.

పరుగెత్తి ఇసుక ఎత్తిపోశాను. ఆమెను భుజం పట్టి వెనక్కి లాగాను.

"ఎన్నాళ్ళుగా అమ్మా?"

ఆమె చేతులు చంకల్లో దాచుకుంది. "రెండేండ్లు. ఎవురికీ తెలీదు. తెలిస్తే నన్ను పిలిచేవాళ్ళు ఉండరు."

"పొయ్యి ఆర్పేద్దాం."

"ఆర్పేస్తే పూత చచ్చిపోతాది. లోపల ఉండేవన్నీ నువ్వు చేసినవే. పోనీలే. నువ్వు పో, బస్సు పోతాది."

పోవాల్సిందే. ఎందుకు పోలేదో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఆమె కాలిపోతుందనే కావచ్చు. లోపల ఎర్రగా ఉన్నవి నా వేలిగుర్తులనే కావచ్చు. పట్టకారు కింద పడి ఉంది. తీసుకున్నాను.

పదకొండు గిన్నెలు. ఆమె మూత తీసేది, నేను దించేదాన్ని, ఆమె మూసేది. ఒక్కొక్క గిన్నెకూ నా కూతురి ఊపిరి ఒకటి లెక్కపెట్టుకున్నాను. ఒక్కటీ పగల్లేదు.

వద్దంటున్నా ఒక గిన్నెను పాతపేపరులో చుట్టి నా సంచిలో పెట్టింది. బస్సులో అది నా ఒళ్ళోనే ఉంది. చల్లారిపోయిందని తెలుసు, అయినా పొట్టమీద వేడిగా తగులుతున్నట్టే ఉంది. కిటికీలోంచి విసిరేద్దామనుకున్నాను. విసిరితే ఇంకేమవుతుందో అని అదీ చేయలేదు. చెయ్యకూడని పని కంగారులో ఒక్కసారి చేస్తే నా మొగుడు పోయాడు. ఇప్పుడు తెలిసి, మొక్కుకుని, పదకొండుసార్లు చేశాను.

పాండూరులో దిగి వీధి మొదట్లోకి వచ్చేసరికి మా వాకిట్లో జనం. ఎద్దులబండి ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. మునియమ్మక్క గొంతు పెద్దగా వినిపిస్తోంది. రత్నస్వామి పోయిన రోజు కూడా నేను మందుకు పోయి తిరిగొస్తుంటే ఇలాగే, ఇదే చోటినుంచి, ఇలాగే కనిపించారు. రోడ్డు పక్కన మట్టిలో కూర్చుండిపోయాను. ముందుకు పోకుండా అక్కడే ఉంటే అది జరగనట్టే ఉంటుందనిపించింది.

"ఏమ్మే తాయమ్మా!" బండి పచ్చయ్యప్ప కేకేశాడు. "ఆడ కూసుండి ఏం తపస్సు చేస్తాండావు? ఈడ కృత్తిక కుండలు ఎత్తేదానికి మనుషులు చాలక చస్తాండాము. శీక్రం రా!"

తిరుత్తణి కొండకు పోయే పాలకుండలు. ఏటా ఆ వారంలోనే బండికెత్తుతారు. నాకు గుర్తే లేదు. జనాన్ని తోసుకుంటూ లోపలికి పోయాను. మునిలక్ష్మి గోడకు ఆనుకుని, ఒళ్ళో సొట్ట గిన్నెతో కూర్చుని ఉంది.

"అమ్మా, పెద్దమ్మ కంజిలో ఉప్పే వేయలేదు," అంది.

ఉప్పు తెచ్చి వేశాను. ఎక్కువ పడింది. అది ముఖం ముడుచుకుంటూనే తాగింది.

మరునాడు పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే బావ నా సంచి పక్కన కూర్చుని ఉన్నాడు. పేపరు విప్పి గిన్నెను వేళ్ళతో తిప్పుతున్నాడు.

"ఇదా మీరు చేసేది? నీళ్ళు నిలుస్తాయా?"

"నిలవవు బావా. చెమరుస్తాది."

"నీళ్ళు నిలవని గిన్నె ఎవురు కొంటారు?"

"మద్రాసోళ్ళు."

"వాళ్ళకు నీళ్ళే లేవు గదా. సరిపాయ."

చెంబులోంచి గిన్నెలోకి నీళ్ళు పోశాడు. కొత్త కుండను పరీక్ష చేసినట్టే నేలమీద పెట్టి చూస్తూ కూర్చున్నాడు.

"ఈ గీతలేంది?"

"ఎర్రగా ఉండంగానే తీస్తే పడతాయి."

మాట జారిపోయింది. చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాను. మూట కట్టుకోమంటాడు, పిల్లను తీసుకుని యాడికి పోవాలా అని ఆలోచిస్తున్నాను.

"ఎవురు తీసినారు?"

"నేనే." ఇంక ఆపుకోవడం చేతకాలేదు. "నాలుగేండ్ల ముందూ నేనే బావా. పెండ్లికుండల ఆవం. ఆ పొద్దు వానలో కర్రతో ఒకటి లాగినాను. పగిలిపాయ. మీ తమ్ముణ్ణి నేనే..."

గిన్నె అడుగున నేల తడిసింది. బావ ఆ తడినే చూస్తున్నాడు.

"పడమటి పక్క కప్పు ఎట్లుండె?" అన్నాడు.

"ఊడుండె."

"వానకు ఊడలేదు తాయమ్మా."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"పెండ్లోళ్ళు వచ్చి తొందర చేస్తాండిరి. కాలిందా లేదా చూద్దామని మధ్యాన్నమే నేను..." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నలుగురిలో 'ఎవురో' అంటిని. నువ్వు చూసుంటావేమోనని ఈ నాలుగేండ్లూ నీ మొగం సరిగా చూళ్ళా."

లోపలినుంచి మునియమ్మక్క కేకేసింది: "ఏందయ్యా, పొద్దున్నే నీళ్ళతో ఆట?"

"ఏంల్యా. గిన్నె చూస్తాండా."

ఆయన నీళ్ళు పారబోసి, గిన్నెను తువ్వాలుతో తుడిచి, నా చేతికి ఇచ్చాడు. ఆయన నా చేతికి నేరుగా ఏదైనా ఇచ్చింది అదే మొదలు. తరువాత సారె దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఇటు తిరిగి.

"తొలి బస్సుకు పొద్దయింది. పోవా?" అన్నాడు.

పిల్ల నుదురు తాకి చూశాను. చల్లగా ఉంది. పోయాను.

ఆ ఏటి నుంచి ఇరవై ఏళ్ళకు పైగా చంద్రావతమ్మ పొయ్యి దగ్గర పట్టకారు నాదే. ఆ సంగతి మద్రాసులో ఎవరికీ తెలియదు. చేతులు పూర్తిగా చేతకాకుండా పోయాక, ఇంక దాచేది లేదని ఆమే చెప్పేసింది. గిన్నె అడుగున నీ పేరు రాయమంది. రాయడం రాదంటే, పచ్చిమట్టి మీద సూదితో నా పేరు గీసి చూపించింది. ఆ చేత్తో గీస్తే గీత ఎలా వస్తుంది? నేను ఆ వణుకుతో సహా నేర్చుకున్నాను.

భయం పోయిందని అబద్ధం రాయను. మునిలక్ష్మి ఇప్పుడు ఆత్తిపట్టులో ఉంటుంది. దాని మొగుడికి అక్కడ కరెంటు ఫ్యాక్టరీలో పని. ప్రతిసారీ పై ఇటుకలు జరిపే ముందు దానికి ఫోను చేసి "తింటివా?" అని అడుగుతాను. ఎందుకడుగుతానో దానికి తెలుసు.

"తింటిని మా. తెరువు," అంటుంది.

అప్పుడు తెరుస్తాను.

తాయమ్మ, డెబ్బై రెండేళ్ళు. చంద్రావతమ్మ మామిడితోట, అరక్కోణం రోడ్డు, తిరుత్తణి.